ప్రార్థన చేస్తున్నా కానీ లోపల ఏమీ కదలట్లేదు. సేవలో ఉన్నవాళ్ళు మనసుని ఎలా కాపాడుకుంటున్నారు?

యూత్_సేవకుడు:

అందరికీ వందనాలు. పేరు పెట్టకుండా రాస్తున్నందుకు క్షమించండి, మా సంఘం వాళ్ళెవరైనా చూస్తారేమోనని భయం.

నేను ఆరేళ్ళుగా ఒక సంఘంలో అసిస్టెంట్ పాస్టర్‌గా ఉన్నా. యూత్ మీటింగులు, ఇళ్ళు దర్శించడం, ఆస్పత్రుల్లో ప్రార్థనలు, పెద్ద పాస్టర్ గారు లేని ఆదివారాలు వాక్యం, ఇవన్నీ నావే. పని ఎక్కువైందని కంప్లైంట్ చేయట్లేదు, ఈ పని నాకిష్టం, ఉద్యోగం వదులుకుని మరీ ఇష్టంగా వచ్చా.

నాలుగు నెలల కింద మా యూత్‌లో 19 ఏళ్ళ కుర్రాడు యాక్సిడెంట్‌లో చనిపోయాడు. వాడికి బాప్తిస్మం ముందు క్లాసులు చెప్పింది నేనే. ఆస్పత్రి దగ్గర్నుంచి సమాధి దాకా అన్నీ నేనే దగ్గరుండి చూసుకున్నా, వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని "అయ్యగారూ మీరు రాత్రంతా ప్రార్థన చేశారుగా, మరెందుకిలా అయింది" అని అడిగితే నోటికొచ్చిన వచనాలేవో చెప్పా, ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. సమాధి కార్యక్రమం అయిపోయాక అదే సాయంత్రం ఇంకో ఇంట్లో పుట్టినరోజు ప్రార్థన ఉంటే మొహం కడుక్కుని వెళ్ళి నవ్వుతూ చేసి వచ్చా.

అప్పట్నుంచి ఏదో ఆగిపోయింది. ప్రార్థన చేస్తే మాటలు వస్తాయి, ఇన్నేళ్ళ అలవాటు కదా వాటంతట అవే వచ్చేస్తాయి, లోపల మాత్రం చెక్క బొమ్మలా ఉంటా. మొన్న ఒక సిస్టర్ తన రిపోర్టులు చూపించి ఏడుస్తుంటే నేను గోడ మీద గడియారం చూస్తున్నా, ఎప్పుడు లేవొచ్చా అని. నాకే భయమేసింది, నేను అలాంటి మనిషిని కాదు. ఫోన్ మోగితే కడుపులో తిప్పినట్టవుతుంది. రాత్రి 3 గంటలకి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. మా ఆవిడ "సంఘానికొక మొహం, మాకొక మొహం పెడుతున్నావ్" అంది, అది నిజం. పాప మీద అరుస్తున్నా.

పోయిన ఆదివారం ప్రభువునందు ఆనందించుట గురించి చెప్పా. చాలామంది వచ్చి బాగా ఆశీర్వాదం పొందామన్నారు. నేను వెనక స్టోర్ రూంలోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నా, బయటికి రావాలనిపించలేదు.

ఒక సీనియర్ సేవకుడికి చెప్తే 21 రోజులు ఉపవాసం ఉండు తమ్ముడూ అన్నారు. మూడో రోజుకే ఆపేశా, ఇప్పుడు ఆ తప్పు చేసిన ఫీలింగ్ ఒకటి అదనంగా చేరింది. నా విశ్వాసం పోయిందా? నా పిలుపే అబద్ధమా? మానేయాలా? లేక ఇది అందరికీ ఉండి ఎవరూ బయటికి చెప్పుకోరా? దయచేసి సేవలో ఉన్నవాళ్ళు నిజం చెప్పండి.

---

పాత_కాపరి:

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివా. 27 ఏళ్ళుగా సేవలో ఉన్నా, నీకు అన్నలాంటి వాణ్ణి కాబట్టి నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు.

నీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తా. అందరికీ కాదు గానీ చాలామందికి ఉంది, చెప్పుకోరు. నేనూ చెప్పుకోలేదు. సేవలో 11వ ఏట నాకు అచ్చం ఇలాగే అయింది, ఒకే నెలలో మూడు భూస్థాపనలు, అందులో ఒకటి చిన్నపిల్ల. నేను రెండేళ్ళు లాక్కొచ్చా ఎవరికీ చెప్పకుండా. ఆ రెండేళ్ళలో నా పెద్దకొడుకు నాతో మాట్లాడటం మానేశాడు, వాడు తిరిగి దగ్గరవడానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది. అందుకే నువ్వు నాలుగు నెలలకే అడిగావని చదవగానే దేవునికి స్తోత్రం చెప్పా.

ప్రవక్త ఏలీయా సంగతి మనం ఎన్నిసార్లు ప్రసంగించాం! బైబిల్లో 1 రాజులు 19 ఈసారి ప్రసంగం కోసం కాకుండా నీకోసం చదువు. కర్మెలు కొండ మీద అగ్ని దిగొచ్చిన తర్వాతే ఆయన అరణ్యానికి పారిపోయాడు, ఓడిపోయి కాదు గెలిచాక. ఇంకొకటి గమనించు, బెయేర్షెబాలో తన పనివాణ్ణి ఉండమని వదిలేసి ఒంటరిగా ఒక రోజు ప్రయాణం లోపలికి వెళ్ళాడు. నేనైతే ఆ వచనం మీదుగా ఇరవై ఏళ్ళు దాటిపోయా, ఆ తర్వాతే కళ్ళకి కనపడింది. చచ్చిపోవాలని అడగడానికి ముందు ఆయన పక్కన మనిషి లేడు. అప్పుడు దేవుడు చేసిందేంటి, మందలించాడా? నిద్రపోనిచ్చాడు, దూతని పంపి తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది తిను అన్నాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు" అనే ప్రశ్న 40 రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర. మనమేమో మనిషి పడిపోయిన రోజునే ఆ ప్రశ్న అడుగుతాం, అదీ ఉపవాసంలో పెట్టి అడుగుతాం. ఆ సీనియర్ అన్న మంచి మనసుతోనే చెప్పుంటాడు, కానీ దేవుడు ఏలీయాకి పెట్టిన క్రమం అది కాదు. ఆ మూడు రోజుల ఉపవాసం గురించిన నేరభావన అక్కడే వదిలెయ్యి.

మోషే కూడా సంఖ్యాకాండం 11లో ఈ ప్రజలందర్నీ నేను కన్నానా, నేనొక్కణ్ణే మోయలేను, ఇలాగైతే నన్ను చంపెయ్యి అన్నాడు. దేవుడు దానికి జవాబుగా 70 మంది పెద్దల్ని ఇచ్చాడు. అంతకుముందే నిర్గమకాండం 18లో మామ యిత్రో వచ్చి చూసి నువ్వు చేసేది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు నీతో ఉన్న ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. ఆ రెండో సగం ముఖ్యం తమ్ముడూ. అలసిపోయిన సేవకుడి వల్ల సంఘం కూడా నలుగుతుంది, ఆ సిస్టర్ ఏడుస్తుంటే నువ్వు గడియారం చూడటం అదే.

ఇక నేను చేసినవి చెప్తా, అన్నీ నీకు కుదరకపోవచ్చు. ఫోన్ గురించి ముందు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తకపోతే ఎవరో ఒకరు చనిపోతారేమో అనే భయంతో 13 ఏళ్ళు దిండు కింద పెట్టుకుని పడుకున్నా. తర్వాత పెద్దల్లో ఇద్దరితో మాట్లాడి రాత్రి ఫోన్లు వంతులేసుకున్నాం, వారంలో ఐదు రాత్రులు నా ఫోన్ హాల్లో ఉంటుంది. ఎవరికీ ఏ నష్టం జరగలేదు. మార్కు 1లో పేతురు వెతుక్కుంటూ వచ్చి అందరూ నిన్ను వెదుకుతున్నారు అంటే యేసు ప్రభువు వెనక్కి వెళ్ళలేదు, పక్క ఊళ్ళకి వెళ్దాం పదండి అన్నాడు. ఆ ఊళ్ళో ఇంకా రోగులు ఉండే ఉంటారు కదా. అయినా ఆయన తండ్రి చెప్పిన పని ప్రకారం నడిచాడు, ఎవరు ఎంత గట్టిగా పిలిచారనే లెక్క ప్రకారం నడవలేదు. ఈ మాట నాకు లోపలికి దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రెండోది, సోమవారం. ఆదివారం మూడు కూటాల్లో మాట్లాడి వచ్చినవాడికి సోమవారం పొద్దున లోకమంతా నల్లగానే కనిపిస్తుంది. నేను సేవ మానేయాలని నిర్ణయించుకున్న ప్రతిసారీ అది సోమవారమే. కాబట్టి మానేయాలా వద్దా అనేది ఇప్పుడు తేల్చకు. నిద్ర తిరిగొచ్చి, పాపతో మామూలుగా మాట్లాడగలిగే స్థితి వచ్చాక అడుగు ఆ ప్రశ్న. అప్పుడు కూడా మానేయాలనిపిస్తే మానేయొచ్చు, అది పాపం కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైంది. నిన్ను అయ్యగారూ అని పిలవని మనిషి ఒకడు కావాలి. మీ సంఘంవాడు కాకూడదు, మీ డినామినేషన్ పెద్ద కూడా కాకూడదు, నీ జీతం గానీ నీ పేరు గానీ అతని చేతిలో ఉండకూడదు. నాకు అలాంటివాడు ఒకడున్నాడు, బైబిల్ కాలేజీలో నా రూమ్మేట్, ఇప్పుడు వేరే చోట సేవ చేస్తున్నాడు, నెలకి రెండుసార్లు గంటసేపు మాట్లాడుకుంటాం. అతను నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎలా పడుకుంటున్నావ్ రా". సంఘం ఎలా ఉంది అని అసలు అడగడు.

---

మెలకువ_ప్రార్థన:

బ్రదర్ నా మాట కఠినంగా అనిపిస్తే క్షమించండి, ప్రేమతోనే చెప్తున్నా. ఇది శత్రువు పోరాటం అని కూడా ఆలోచించాలి కదా. సేవకుల మీదే వాడి గురి. వ్యక్తిగత ప్రార్థన తగ్గినప్పుడు నాకూ ఇలాంటి ఎండిపోయిన స్థితి వచ్చింది, తెల్లవారుజామున లేచి మోకాళ్ళ మీద కూర్చోవడం మొదలుపెట్టాక ప్రభువు నన్ను లేపాడు. ఇప్పుడందరూ డిప్రెషన్, బర్నవుట్ అనే లోకపు మాటలు వాడుతున్నారు, మన పితరులు ఇవేమీ లేకుండానే సేవ చేశారు. మీకోసం ప్రార్థన చేస్తున్నా.

---

నర్స్_సిస్టర్:

బ్రదర్ మెలకువ గారూ, మీరు ప్రేమతో రాశారని అర్థమవుతోంది, మీ సాక్ష్యాన్ని కాదనను. కానీ ఆ చివరి మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను 14 ఏళ్ళుగా మానసిక ఆరోగ్య విభాగంలో నర్సుని, విశ్వాసిని కూడా, ఈ మాట విని మందులు ఆపేసి మళ్ళీ వార్డుకొచ్చిన సేవకుల్ని నా కళ్ళతో చూశాను.

పితరులకి లేవు అన్నారు. ఇంగ్లాండ్‌లో పేరుపొందిన ప్రసంగీకుడు స్పర్జన్ గారి సంగతి తీసుకోండి. 1856 అక్టోబర్ 19న లండన్‌లో సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్‌లో ఆయన కూటం జరుగుతుంటే ఎవరో నిప్పు నిప్పు అని కేకలేశారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పుడు 22 ఏళ్ళు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన అసలు ప్రసంగించే స్థితిలో లేడు, ఆ దెబ్బ జీవితాంతం వెంటాడింది, లోలోపల కుంగిపోయే రోజులు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. దాని గురించి తన దగ్గర చదువుకునే సేవకులకి ఆయన దాచకుండా పాఠంగానే చెప్పాడు. ప్రార్థన తక్కువై ఆయనకలా అయిందని ఎవరూ అనలేరు కదండీ. పౌలు కూడా 2 కొరింథీ 1:8లో బతుకుతామన్న నమ్మకం లేనంతగా, శక్తికి మించిన భారంతో కుంగిపోయాం అని రాశాడు, అదీ దాచకుండా సంఘానికే రాశాడు. పితరులకీ ఉంది, పేరు మాత్రం వేరుగా ఉండేది.

ఇప్పుడు ప్రశ్న అడిగిన బ్రదర్‌కి. మీరు రాసినదాంట్లో నాకు మూడు కలిసి కనిపిస్తున్నాయి, నేను ఇక్కడ కూర్చుని జబ్బు పేరు చెప్పలేను, డాక్టర్ చూడాలి, కానీ తేడా తెలిస్తే మీకు ఉపయోగం.

ఒకటి బర్నవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జబ్బుల వర్గీకరణలో చేర్చింది, అయితే జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. మూడు గుర్తులు చెప్పింది: శక్తి అయిపోవడం, పని మీద విరక్తి లేదా పనికి మనసు దూరమవడం, నేను చేసేది పనికి రావట్లేదు అనిపించడం. రెండోది, ఎదుటివాళ్ళ గాయాల్ని రోజూ మోసేవాళ్ళకి వచ్చే ఒక రకమైన మొద్దుబారుడు. నర్సులకి, అంబులెన్స్‌లో పనిచేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు, సేవకులకి ఎవరూ చెప్పరు. గడియారం చూశానని రాశారు చూడండి, మీరు రాతిగుండె మనిషి అవడం వల్ల అలా జరగలేదు, మనసు ఇంక లోపల చోటు లేదని తలుపు వేసేసుకుంటుంది. చర్మం లోతుగా కాలినచోట స్పర్శ పోతుంది కదా, అలాంటిది.

మూడోది డిప్రెషన్. దీన్ని కొట్టిపారేయొద్దు. దిగులు గానీ దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకి మించి ఉండి, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, నేను పనికిరానివాణ్ణి అనే నేరభావన, చావు ఆలోచనలు, ఇలాంటివి కొన్ని కలిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. మేము మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది, పని లేని రోజు, పిల్లలతో ఉన్నప్పుడు కొంచెమైనా తేలికవుతోందా? బర్నవుట్‌లో చాలామందికి అవుతుంది. డిప్రెషన్ అయితే సెలవు పెట్టి ఎక్కడికి వెళ్ళినా మనతో పాటే వస్తుంది. మీకు తెల్లవారుజామున 3కి మెలకువ రావడం, నాలుగు నెలలుగా ఉండటం చూస్తే నేనైతే ఈ వారమే వెళ్ళమంటాను. ముందు మామూలు డాక్టర్‌కి చూపించినా పర్వాలేదు, థైరాయిడ్, రక్తహీనత, బి12 తక్కువవడం కూడా ఇలాంటి నీరసాన్నే ఇస్తాయి, రక్తపరీక్షల్లో తేలిపోతుంది.

మందులు రాస్తే భయపడకండి. ఈ మందులు తలనొప్పి మాత్రలా వెంటనే పనిచేయవు, కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారం తేడా లేదని ఆపేయొద్దు, తగ్గింది కదా అని కూడా మీ అంతట మీరు ఆపొద్దు. ఇంకా, మందులు వాడుతున్నవాళ్ళు ఉపవాసాలు, రాత్రంతా ప్రార్థనలు డాక్టర్‌ని అడగకుండా పెట్టుకోకండి. కొన్ని మందులకి ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం, కొన్ని జబ్బుల్లో ఒక్క రాత్రి నిద్ర పోయినా పరిస్థితి తిరగబడుతుంది.

ఒకటి సూటిగా అడుగుతున్నా బ్రదర్, దాచొద్దు. స్టోర్ రూంలో కూర్చున్నప్పుడు గానీ రాత్రి 3కి గానీ చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వచ్చిందా? వచ్చి ఉంటే ఈ రోజే మీ భార్యకి చెప్పండి, ఈ రోజే ఆస్పత్రికి వెళ్ళండి, ఒంటరిగా ఉండకండి. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని జనం భయపడతారు, అలా జరగదు, అడిగితే మనిషికి ఊపిరి ఆడుతుంది.

ఇక ఆ కుర్రాడి కోసం మీరు ఇంతవరకూ ఏడవలేదు. అది కూడా మిగిలిపోయింది.

---

కాపరి_ఇల్లాలు:

నేను పాస్టరమ్మని. మీ పోస్టులో మా ఆయన కనిపించారు. మీ ఆవిడ తరఫున రెండు మాటలు రాస్తా ఎందుకంటే ఆవిడ ఎక్కడా రాయలేదు.

సంఘంలో ఎవరికైనా ఇంట్లో గొడవైతే అయ్యగారి దగ్గరికి వస్తారు. అయ్యగారితోనే గొడవైతే నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలి? చెప్తే ఆయన పేరు పోతుంది, చెప్పకపోతే నేను పోతా. ఇలా ఎనిమిదేళ్ళు గడిచాయి నాకు. ఆదివారం ముందు వరసలో కూర్చుని ఆయన భార్యాభర్తల ప్రేమ గురించి చెప్తుంటే తల ఊపుతూ, ఇంటికొస్తే రెండు రోజులు మాటలు ఉండవు. మీ ఆవిడ "సంఘానికొక మొహం, మాకొక మొహం" అంది అంటే ఆవిడ ఇంకా మాట్లాడుతోంది బ్రదర్, అది మంచి సంగతి. మాట్లాడటం మానేసేదాకా తీసుకెళ్ళకండి.

ఇంగ్లాండ్ నుంచి ఇండియాకి మిషనరీగా వచ్చిన విలియం కేరీ గారిని మనం ఎంత గొప్పగా చెప్పుకుంటాం, నిజంగా గొప్పవారే. ఆయన భార్య డొరొతీ గారి గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. 1793లో రానని మొదట చెప్పి, చివరి నిమిషంలో చంటిబిడ్డతో ఓడ ఎక్కి వచ్చిన మనిషి ఆవిడ. మరుసటి ఏడాదే ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు, ఆ తర్వాత ఆవిడ మతి చెదిరింది, మళ్ళీ కోలుకోలేదు, 1807లో చనిపోయేదాకా అలాగే ఉంది. ఆయన బెంగాలీలోకి వాక్యం అనువదిస్తున్నది ఆ రోజుల్లోనే, 1801లో కొత్త నిబంధన అచ్చయిన రోజు ఆ ఇంట్లో ఆవిడ ఎలా ఉందో నేను చాలాసార్లు ఆలోచించా. ఆ కాలంలో ఇలాంటి జబ్బుకి సరైన డాక్టర్లు లేరు మందులు లేవు, ఇప్పుడున్నాయి, మనకి వంక లేదు.

మా ఇంట్లో మారింది ఏంటంటే, ఆయన ఆస్పత్రి నుంచో చావు ఇంటి నుంచో వస్తే నేరుగా పిల్లల దగ్గరికి రారు. ముందు పావుగంట బయట నడిచి, ఆ తర్వాత నాతో ఒక్క ముక్క చెప్తారు, పేర్లు వివరాలు ఏమీ చెప్పరు, "ఈ రోజు చాలా బరువుగా ఉంది" అంటారు అంతే. ఆ ఒక్క ముక్క వల్ల ఆయన మౌనం నా మీద కోపం కాదని నాకు తెలుస్తుంది. ఇంత చిన్నదానికి ఎనిమిదేళ్ళు పట్టింది మాకు.

పాపకి సారీ చెప్పండి. పిల్లలకి నాన్న సారీ చెప్పడం చాలా కాలం గుర్తుంటుంది.

---

వెనక_బెంచి:

నేను సేవకుణ్ణి కాదు, మామూలు విశ్వాసిని, కమిటీలో ఉన్నా. ఈ థ్రెడ్ చదివి నిద్ర పట్టక రాస్తున్నా.

మా పాస్టర్ గారు మూడేళ్ళ కింద సేవ మధ్యలో కుప్పకూలిపోయారు, ఆరోగ్యం బాలేదని చెప్పి వెళ్ళిపోయారు. తర్వాత తెలిసింది ఆయన ఏడాది పైగా ఇలాగే బాధపడ్డారని. తప్పు మాది. ఆయనకి వారంలో సెలవు ఏ రోజు అని పదేళ్ళలో కమిటీ ఒక్కసారి కూడా అడగలేదు. కానుకల లెక్క ప్రతి నెలా చూశాం, ఆయన ఎలా ఉన్నారని ఏ మీటింగ్ ఎజెండాలోనూ లేదు. ఆయన పిల్లలు చర్చిలో అల్లరి చేస్తే మాత్రం వెంటనే చెప్పేవాళ్ళం.

ఇప్పుడున్న అయ్యగారికి వారానికి ఒక పూర్తి రోజు, ఏడాదికి నాలుగు వారాలు సెలవు అని రాసి సంఘం ముందు చదివాం. రాయడం ముఖ్యం, ఎందుకంటే నోటిమాటగా ఉంటే మొదటి పెళ్ళికో చావుకో అది పోతుంది. ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాశాం. మొదట్లో కొంతమంది అలిగారు, ఆరు నెలలకి సర్దుకున్నారు.

ఎపఫ్రొదితు గురించి ఎవరైనా ఎప్పుడైనా ప్రసంగం చెప్పారా? ఫిలిప్పీ 2. పౌలుకి సహాయం చేయడానికి సంఘం పంపిన మనిషి, ఆ పనిలోనే చావు దాకా జబ్బు పడ్డాడు, పైగా తనకి జబ్బని ఇంటి దగ్గర తెలిసిందే అని లోపల నలిగిపోతున్నాడు. పౌలు అతన్ని ఇంటికి పంపించేశాడు, పంపిస్తూ ఇలాంటివాళ్ళని ఘనపరచండి అని రాశాడు. పని మధ్యలో వదిలేసి వచ్చాడు అనుకోకుండా ఆ సంఘానికి ముందే చెప్పి పెట్టాడు. బ్రదర్, మీరు సెలవు అడిగితే మీ సంఘంలో కూడా మీరు అనుకున్నదానికంటే ఎక్కువమంది అర్థం చేసుకుంటారేమో. మాకు అడిగే అవకాశమే మా పాస్టర్ గారు ఇవ్వలేదు, మేమూ ఆయనకి ఇవ్వలేదు.

---

మెలకువ_ప్రార్థన:

నర్స్ సిస్టర్ గారూ, మీరు రాసింది చదివా. మా చిన్నాన్న కూడా సేవకుడే, చివరి రోజుల్లో ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, మేము ఆత్మీయంగా చల్లారిపోయాడు అనుకున్నాం. ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. ప్రార్థన మాత్రం ఆపను, కానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దని ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పను. బ్రదర్, నా మొదటి పోస్టు మిమ్మల్ని బాధపెట్టి ఉంటే మనస్ఫూర్తిగా క్షమించండి.

---

యూత్_సేవకుడు:

ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి క్షమించండి. మెలకువ అన్నా, మీరేం బాధపెట్టలేదు, నేను నాలో నేను అనుకుంటున్నదే మీరు రాశారు.

నర్స్ సిస్టర్ గారూ, మీరు అడిగినదానికి జవాబు అవును. ఆలోచన వచ్చింది, ప్లాన్ లాంటిది ఏమీ లేదు, కానీ బండి మీద వెళ్తుంటే ఎదురుగా లారీ వస్తే బాగుండు అనిపించేది. మీ మెసేజ్ చదివిన రాత్రే మా ఆవిడని లేపి చెప్పా. ఆవిడ చాలా ఏడ్చింది, పొద్దున్నే తనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. డిప్రెషన్ అన్నారు, మందులు మొదలుపెట్టి నాలుగు వారాలు దాటింది. మూడో వారం నుంచి నిద్ర కొంచెం వస్తోంది. ప్రతివారం ఒక కౌన్సెలర్‌తో మాట్లాడుతున్నా.

పెద్ద పాస్టర్ గారికి చెప్పడానికి మాత్రం చాలా భయపడ్డా. యేసు ప్రభువు సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో వెంట ఉన్న పదకొండు మందిలో ముగ్గుర్నే లోపలికి తీసుకెళ్ళి, నా ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో ఉంది, నాతో మెలకువగా ఉండండి అన్నాడు కదా, సరే నేనూ ముగ్గురికే చెప్తా అనుకున్నా. మా ఆవిడ, పెద్ద పాస్టర్ గారు, నాతో చదువుకున్న ఒక ఫ్రెండ్. పాస్టర్ గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నాకూ ఒకసారి అయింది, నేను నీకు చెప్పి ఉండాల్సింది" అన్నారు. మూడు నెలలు ఆస్పత్రులూ భూస్థాపనలూ నా దగ్గర్నుంచి తీసేశారు, యూత్ క్లాసు ఒక్కటి ఉంచారు, అదీ నేనే ఉంచమన్నా. సంఘానికి ఆరోగ్యం కోసం విశ్రాంతి అని మాత్రం చెప్పారు.

కీర్తన 88 చదువుతున్నా ఈ మధ్య. అది చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా రాదు, అయినా దేవుడు దాన్ని తన పుస్తకంలో ఉండనిచ్చాడు. ఇప్పుడు నాకు వచ్చే ప్రార్థన అలాంటిదే.

పోయిన శుక్రవారం ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళా, మా ఆవిడతో. బైబిల్ బ్యాగ్ తీసుకెళ్ళలేదు. వాళ్ళమ్మ వాడి ఫోన్ చూపించింది, అందులో మా యూత్ క్యాంపులో వాడు నన్ను అనుకరిస్తూ తీసిన వీడియో ఉంది, నాకా సంగతే తెలియదు. చూస్తూ నవ్వా, తర్వాత ఏడుపు ఆగలేదు, అరగంట సేపు. ఆవిడే నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. "ఆ రోజు మీరు ఏవో చెప్పారు అయ్యగారూ, నాకు ఒక్కటీ వినపడలేదు" అంది.

పాత కాపరి అన్నా, ఒకటి అడగాలి. వచ్చే రెండు ఆదివారాలు నాకు పూర్తి సెలవు. ఇంట్లో కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు ఉంది, మా సంఘానికి వెళ్తే పది మంది చుట్టూ చేరతారు. ఎక్కడికి వెళ్ళాలి?

---

పాత_కాపరి:

తమ్ముడూ, చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. దేవునికి స్తోత్రం.

నిన్ను ఎవరూ ఎరగని సంఘానికి వెళ్ళు, మీ ఆవిడనీ పాపనీ తీసుకుని. వెనక వరసలో కూర్చో. ప్రసంగం ఎలా ఉందో చూడకు, నోట్సు రాసుకోకు, పాట తెలిస్తే పాడు, పాడాలనిపించకపోతే ఊరుకో. ఎవరైనా ఏం చేస్తుంటారు అని అడిగితే ఈ పాప వాళ్ళ నాన్నని అని చెప్పు. సోమవారం సాయంత్రం నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు, ఎలా పడుకున్నావో చెప్పు.